75 శాతం హాజరు ఉన్నా డిటెయిన్ అవుతారా? కాలేజీ విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన అటెండెన్స్, క్రెడిట్ రూల్స్ ఇవే..

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక నోటీసు కోసం అందరూ భయంభయంగా ఎదురుచూస్తారు. అదే డిటెన్షన్ లిస్ట్. అందులో పేరుంటే హాల్‌టికెట్ రాదు. ఆ సెమిస్టర్ మొత్తం పోయినట్లే. తోటివాళ్లు పై తరగతికి వెళ్తుంటే జూనియర్లతో కలిసి మళ్లీ కూర్చోవాల్సిందే. చాలా ఇళ్లలో తల్లిదండ్రులకు ఈ విషయం తెలిసేది కూడా అప్పుడే.

నిజానికి డిటెన్షన్ అనేది ఒక్కరోజులో వచ్చిపడే పిడుగు కాదు. సెమిస్టర్ సగంలోనే ఎవరు గట్టెక్కుతారో, ఎవరు మునుగుతారో లెక్క వేసి చెప్పేయొచ్చు. ఆ లెక్క తెలియకపోవడం, తెలిసినా ఆఖరి వారం దాకా పట్టించుకోకపోవడం వల్లే ఏటా ఎంతోమంది ఒక సంవత్సరం నష్టపోతున్నారు. మరి ఆ రూల్స్ ఏంటి? ఎన్ని క్లాసులు మిస్ అవ్వొచ్చు? కండోనేషన్ ఎవరికి ఇస్తారు? క్రెడిట్ల మీద డిటెయిన్ అంటే ఏంటి? అమెరికాలో చదివే మనవాళ్లకు ఏ రూల్స్ వర్తిస్తాయి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

గేట్లు రెండు.. ఒకటి దాటితే సరిపోదు

పై సెమిస్టర్‌కు, పై సంవత్సరానికి వెళ్లాలంటే విద్యార్థి రెండు గేట్లు దాటాలి. మొదటిది హాజరు. రెండోది క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టుల లెక్క. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి చూస్తారు. "మావాడు రోజూ కాలేజీకి వెళ్తాడు, డిటెయిన్ ఎందుకవుతాడు?" అని తల్లిదండ్రులు ఆశ్చర్యపోయేది ఇందుకే. రోజూ కాలేజీకి వెళ్లినా సబ్జెక్టులు ఎక్కువగా ఫెయిలైతే డిటెయిన్ తప్పదు. అన్నీ పాసయ్యే తెలివి ఉన్నా క్లాసులకు రాకపోతే అసలు పరీక్షే రాయనివ్వరు.

హాజరు గేటు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటుంది. క్రెడిట్ల గేటు మాత్రం సంవత్సరం మారేటప్పుడు వస్తుంది.

75.. 65.. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి

హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనలనే ఉదాహరణగా తీసుకుందాం. తెలంగాణలో ఎక్కువ ఇంజినీరింగ్ కాలేజీలు ఈ వర్సిటీ కిందే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల్లోనూ హాజరు విషయంలో దాదాపు ఇదే పద్ధతి.

- సెమిస్టర్ మొత్తం మీద అన్ని సబ్జెక్టులూ కలిపి సగటున 75 శాతం హాజరు ఉండాలి. అలా ఉంటేనే పరీక్షలకు నేరుగా అర్హత.
- 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి, నిర్ణీత ఫీజు కట్టి కండోనేషన్ కోరవచ్చు. అంటే తగ్గిన హాజరును మాఫీ చేయమని అడగడం. దీన్ని కాలేజీ అకడమిక్ కమిటీ పరిశీలిస్తుంది.
- 65 శాతం కంటే తక్కువుంటే ఎట్టి పరిస్థితుల్లోనూ మాఫీ లేదు. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అప్పటిదాకా వచ్చిన ఇంటర్నల్ మార్కులు కూడా పోతాయి. వచ్చే ఏడాది ఆ సెమిస్టర్ మళ్లీ నడిచేటప్పుడు చేరి, మొదటి నుంచి చదవాలి.

ఇక్కడ "సగటున" అన్న మాట కీలకం. ఒక సబ్జెక్టులో 60 శాతమే ఉన్నా, మిగతావాటిలో ఎక్కువగా ఉండి మొత్తం 75 దాటితే జేఎన్‌టీయూహెచ్ లెక్కలో ఇబ్బంది లేదు. కానీ అన్నిచోట్లా ఇలా ఉండదు. కొన్ని వర్సిటీలు, అటానమస్ కాలేజీలు ఒక్కో సబ్జెక్టులోనూ కనీస హాజరు అడుగుతాయి. అటానమస్ కాలేజీలకు సొంత రెగ్యులేషన్స్ ఉంటాయి కాబట్టి పక్క కాలేజీలో చదివే ఫ్రెండ్ చెప్పింది నమ్ముకుంటే మోసపోయినట్లే.

లెక్క ఇలా వేసుకోండి

సెమిస్టర్‌లో 16 వారాలు, వారానికి 30 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 480 పీరియడ్లు. ఇందులో 75 శాతం అంటే 360. గరిష్ఠంగా 120 పీరియడ్లు మాత్రమే మిస్ అవ్వొచ్చు. 65 శాతం గీత 312 దగ్గర ఉంటుంది. అంటే 168 పీరియడ్లు దాటి మిస్ అయితే కండోనేషన్ దారి కూడా మూసుకుపోతుంది.

ఇప్పుడు ఒక విద్యార్థి మొదటి 8 వారాల్లో జరిగిన 240 పీరియడ్లలో 140కే వచ్చాడనుకుందాం. అతని హాజరు దాదాపు 58 శాతం. 75 చేరాలంటే మిగిలిన 240లో 220 పీరియడ్లు రావాలి. కష్టమే కానీ అసాధ్యం కాదు. 65 చేరాలంటే 172 పీరియడ్లు చాలు.

అదే విద్యార్థి మేల్కోకుండా 12వ వారం దాకా అదే 58 శాతంతో నెట్టుకొచ్చాడనుకుందాం. అప్పటికి 360 పీరియడ్లు జరిగితే అతను వచ్చినవి 210. ఇంక మిగిలినవి 120 పీరియడ్లే. 75 చేరాలంటే 150 కావాలి. అంటే ఒక్కరోజు కూడా మానకుండా వచ్చినా 75 రాదు. 65 చేరాలన్నా 120లో 102 పీరియడ్లు తప్పనిసరి. మధ్యలో జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచాన పడితే అంతే సంగతులు.

చూడండి, హాజరు శాతం రెండుసార్లూ ఒకటే. నాలుగు వారాల తేడాతో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అందుకే మొదటి మిడ్ పరీక్షలు జరిగే సమయంలోనే హాజరు ఎంతుందో చూసుకోవాలి. రెండో మిడ్ దాకా ఆగితే చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఇంకో సులువైన చిట్కా ఉంది. 75 శాతానికి చేరాలంటే వరుసగా ఎన్ని పీరియడ్లు మానకుండా రావాలో తెలుసుకోవడానికి, ఇప్పటిదాకా జరిగిన పీరియడ్లను 3తో గుణించి, అందులోంచి వచ్చిన పీరియడ్లను 4తో గుణించి తీసేయాలి. ఉదాహరణకు 200 జరిగితే 130 వచ్చారనుకోండి. 600లోంచి 520 తీసేస్తే 80. అంటే వరుసగా 80 పీరియడ్లు మానకుండా రావాలి. సెమిస్టర్‌లో అన్ని పీరియడ్లు మిగిలి ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ల్యాబ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక ల్యాబ్ అంటే సాధారణంగా రెండు మూడు పీరియడ్లు. మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొట్టి సినిమాకు వెళ్తే పోయేది ఒక క్లాసు కాదు, మూడు క్లాసులు.

కండోనేషన్ హక్కు కాదు

65 దాటితే చాలు, ఫీజు కట్టేస్తే పనైపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. కండోనేషన్ ఇవ్వొచ్చు అని మాత్రమే నిబంధన చెబుతోంది, ఇచ్చి తీరాలని కాదు. కారణం నిజమైనదని కమిటీకి అనిపించాలి. అందుకు ఆధారాలు కావాలి.

అనారోగ్యం అయితే డాక్టర్ చీటీ, పరీక్షల రిపోర్టులు, ఆస్పత్రిలో చేరి ఉంటే డిశ్చార్జి సమ్మరీ దాచుకోవాలి. మళ్లీ కాలేజీకి వెళ్లిన రోజే వాటి కాపీలు క్లాస్ ఇన్‌ఛార్జికో, హెచ్‌ఓడీకో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం మంచిది. సెమిస్టర్ చివర్లో పాత తేదీలతో తెచ్చే సర్టిఫికెట్లను కమిటీలు అనుమానంగానే చూస్తాయి. ఇంట్లో మరణం, ప్రమాదం వంటి కారణాలకూ ఇదే పద్ధతి.

క్రీడలు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులకు కాలేజీ తరఫున వెళ్లినవారు ఆన్ డ్యూటీ కింద హాజరు నమోదైందో లేదో అప్పటికప్పుడే చూసుకోవాలి. వెళ్లే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోకపోతే ఆ తర్వాత నిరూపించుకోవడం కష్టం.

గర్భిణులు, బాలింతలైన విద్యార్థినుల విషయంలో హాజరు సడలింపు, ప్రసూతి సెలవులపై తగిన నిబంధనలు రూపొందించుకోవాలని యూజీసీ 2021 డిసెంబర్‌లో వర్సిటీలకు లేఖ రాసింది. కేరళలో అయితే కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక వర్సిటీ 2023 జనవరిలో విద్యార్థినులకు నెలసరి కారణంగా ప్రతి సెమిస్టర్‌లో అదనంగా 2 శాతం హాజరు సడలింపు ఇచ్చింది. ఆ తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా వర్సిటీలకూ దీన్ని విస్తరించింది.

రెండో గేటు: క్రెడిట్లు

ఇక సబ్జెక్టుల సంగతి. బీటెక్‌లో ప్రతి సబ్జెక్టుకూ, ల్యాబ్‌కూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి. పాసైతేనే ఆ క్రెడిట్లు ఖాతాలో పడతాయి. జేఎన్‌టీయూహెచ్ ఆర్‌22 నిబంధనల్లో నాలుగేళ్లకు మొత్తం 160 క్రెడిట్లు. ఆర్ పక్కనున్న అంకె ఆ నిబంధనలు ఏ సంవత్సరం బ్యాచ్‌తో మొదలయ్యాయో చెబుతుంది. ఆర్‌22లో ఒక సబ్జెక్టు పాసవ్వాలంటే ఇంటర్నల్స్‌లో 40కి 14, సెమిస్టర్ పరీక్షలో 60కి 21, రెండూ కలిపి 100కు 40 మార్కులు రావాలి.

సంవత్సరం మారేటప్పుడు ఉండాల్సిన క్రెడిట్లు ఇలా ఉన్నాయి.

- మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి: 40 క్రెడిట్లలో 20, అంటే 50 శాతం.
- రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి: 80 క్రెడిట్లలో 48, అంటే 60 శాతం.
- మూడో ఏడాది నుంచి నాలుగో ఏడాదికి: 120 క్రెడిట్లలో 72, అంటే 60 శాతం.

రెగ్యులర్, సప్లిమెంటరీ పరీక్షలు రెండింటిలో పాసైనవీ ఈ లెక్కలోకి వస్తాయి.

పైకి చూస్తే ఇది తేలికే అనిపిస్తుంది. కానీ ఒక ఉచ్చు ఉంది. మొదటి ఏడాదిలో 22 క్రెడిట్లు తెచ్చుకున్న విద్యార్థి 50 శాతం దాటినట్టే కాబట్టి ఏ ఇబ్బందీ లేకుండా రెండో ఏడాదికి వెళ్లిపోతాడు. "బ్యాక్‌లాగ్స్ తర్వాత చూసుకుందాం" అనుకుంటాడు. రెండో ఏడాదిలోనూ మళ్లీ 22 తెచ్చుకున్నాడనుకోండి. మొత్తం 44. కావాల్సినవి 48. నాలుగు క్రెడిట్లు తక్కువ, డిటెయిన్. అతని చదువు రెండేళ్లూ ఒకేలా ఉంది, కానీ గీత 50 నుంచి 60కి జరిగింది. మొదటి ఏడాది బ్యాక్‌లాగ్స్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు సప్లీలో తీసేసి ఉంటే ఈ గండం గడిచేది.

ఆంధ్రప్రదేశ్‌లోని జేఎన్‌టీయూల్లో క్రెడిట్ల గీత కాస్త తక్కువ. ఆర్‌20, ఆర్‌23 నిబంధనల్లో మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి హాజరు ఉంటే చాలు. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు మాత్రం నిర్దేశించిన సెమిస్టర్ల దాకా ఉన్న క్రెడిట్లలో 40 శాతం సాధించి ఉండాలి.

వర్సిటీలు అప్పుడప్పుడు కొన్ని బ్యాచ్‌లకు క్రెడిట్ల విషయంలో సడలింపు ఇస్తుంటాయి. కరోనా సమయంలోనూ ఇచ్చాయి. ఆ ఉత్తర్వు ఆ బ్యాచ్‌కే పరిమితం. మళ్లీ ఇస్తారన్న ఆశతో సప్లీలు వదిలేస్తే నష్టపోయేది విద్యార్థే.

రెండు డిటెన్షన్లు ఒకటి కాదు

హాజరు తక్కువై డిటెయిన్ అయితే ఆ సెమిస్టర్ క్లాసులన్నీ మళ్లీ వినాలి, ఇంటర్నల్స్ మళ్లీ రాయాలి, ఆ తర్వాతే ఫైనల్ పరీక్షలు. క్రెడిట్లు తక్కువై డిటెయిన్ అయితే క్లాసులు మళ్లీ వినక్కర్లేదు. సప్లిమెంటరీ పరీక్షలు రాసి కావాల్సిన క్రెడిట్లు తెచ్చుకున్నాక, తర్వాతి విద్యా సంవత్సరంలో పై తరగతిలో చేరవచ్చు. ఆ ఏడాదంతా ఇంట్లోనే ఉండి చదువుకోవాల్సి వస్తుంది. ఇలాంటివారు కాలేజీ వాతావరణానికి దూరమై చదువు మానేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

మళ్లీ చేరేటప్పుడు ఈలోగా రెగ్యులేషన్ మారిపోయి ఉంటే కొత్త నిబంధనలు వర్తించవచ్చు. పాత సిలబస్‌లో లేని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి రావచ్చు. రీ-అడ్మిషన్ సమయంలోనే ఏ సబ్జెక్టుకు ఏది సమానమో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇంకో గడువు కూడా ఉంది. జేఎన్‌టీయూహెచ్‌లో నాలుగేళ్ల బీటెక్‌ను చేరిన ఏడాది నుంచి 8 విద్యా సంవత్సరాల్లోగా పూర్తి చేయాలి. డిప్లొమా చదివి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి 6 సంవత్సరాలు. ఆ లోపు పూర్తికాకపోతే సీటు గల్లంతే. డిటెయిన్ అయిన సంవత్సరాలు కూడా ఈ లెక్కలోనే పోతాయి.

కోర్సు మారితే రూల్ మారుతుంది

ఇంజినీరింగ్ రూల్ అన్ని కోర్సులకూ వర్తించదు. ఏ కోర్సును ఏ జాతీయ సంస్థ చూస్తుందో దాన్ని బట్టి హాజరు శాతం మారుతుంది.

- ఎంబీబీఎస్: జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్, క్లినికల్స్‌లో 80 శాతం. మొదటి సంవత్సరం పాసవడానికి గరిష్ఠంగా 4 అవకాశాలే. 2023 నిబంధనల ప్రకారం కోర్సు మొత్తం 9 ఏళ్లలో పూర్తవ్వాలి.
- బీఫార్మసీ: ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల్లో ఒక్కో కోర్సులో 80 శాతం. థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా చూస్తారు.
- బీఈడీ: ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులు, ప్రాక్టికమ్‌లో 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌లో 90 శాతం.
- ఎల్ఎల్‌బీ: బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఒక్కో సబ్జెక్టులో 70 శాతం. ప్రత్యేక కారణాలుంటే 65 దాకా సడలింపు.

ఢిల్లీ హైకోర్టు తీర్పు ఏం చెప్పింది?

లా విద్యార్థుల హాజరు విషయంలో 2025 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. 2016లో ఒక లా విద్యార్థి హాజరు తక్కువైందని పరీక్షలు రాయనివ్వకపోవడంతో ఆత్మహత్య చేసుకున్నాడన్న ఆరోపణలతో మొదలైన కేసు ఇది. హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపకూడదని, పై సెమిస్టర్‌కు వెళ్లకుండా అడ్డుకోకూడదని కోర్టు స్పష్టం చేసింది. హాజరు నిబంధనలు విద్యార్థిని మానసిక క్షోభకు, చివరకు చావుకు నెట్టేంత కఠినంగా ఉండకూడదన్నది ఈ తీర్పు సారాంశం.

హాజరు నిబంధనలను బార్ కౌన్సిల్ మళ్లీ పరిశీలించాలని, ఈలోగా లా కాలేజీలు కొన్ని పనులు చేయాలని ఆదేశించింది. వారం వారం హాజరు వివరాలను పోర్టల్‌లోనో, యాప్‌లోనో పెట్టాలి. హాజరు తగ్గితే ప్రతి నెలా తల్లిదండ్రులకు తెలపాలి. వెనకబడినవారికి అదనపు క్లాసులు పెట్టాలి. అయినా హాజరు తక్కువుంటే మార్కుల్లో గరిష్ఠంగా 5 శాతం దాకా కోత పెట్టవచ్చు కానీ పరీక్ష ఆపకూడదు.

అయితే ఒక విషయం గమనించాలి. హాజరు డిటెన్షన్ వద్దన్న ఈ ఆదేశం న్యాయ విద్య గురించి. దీన్ని చూపించి బీటెక్, ఎంబీబీఎస్ విద్యార్థులు క్లాసులు మానేస్తే ఒడ్డున పడలేరు. కానీ కోర్టు చెప్పిన పద్ధతి మాత్రం ఏ కాలేజీకైనా పనికొచ్చేదే. హాజరు వివరాలు వారం వారం విద్యార్థికి, నెల నెలా ఇంటికి చేరితే ఆఖరి నిమిషంలో గుండెలు బాదుకునే పరిస్థితి రాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వేరే లెక్క

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల మంది విద్యార్థులు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి చదువుతున్నారు. దీనికీ 75 శాతం హాజరు షరతు ఉంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కండోనేషన్ అనేది పరీక్ష రాయడానికి వర్సిటీ ఇచ్చే సడలింపు. స్కాలర్‌షిప్ నిబంధన దానికదే వేరు. 68 శాతంతో కండోనేషన్ తీసుకుని పరీక్ష రాసినంత మాత్రాన ప్రభుత్వం నుంచి ఫీజు వస్తుందన్న భరోసా లేదు.

డిటెయిన్ అయితే మళ్లీ చదివే కాలానికి ఫీజు భారం ఇంటిమీద పడే అవకాశం ఉంది. రీ-అడ్మిషన్ తీసుకునే ముందే కాలేజీలోని స్కాలర్‌షిప్ విభాగంలో అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో ఈపాస్, ఏపీలో జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు స్థితిని చూసుకోవచ్చు. కూలీనాలీ చేసి చదివించే కుటుంబాలకు హాజరు పట్టీలో అంకె అంటే నేరుగా డబ్బు లెక్కే.

అమెరికాలో చదువుతున్నారా? అక్కడ పోయేది వీసానే

అమెరికాకు వెళ్లే భారతీయ విద్యార్థుల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. అక్కడ చాలా వర్సిటీల్లో మన దగ్గరలా 75 శాతం గీత కనిపించదు. హాజరు నిబంధన ఒక్కో ప్రొఫెసర్ కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్ పత్రంలో ఉంటుంది. దాంతో ఏ రూలూ లేదనుకుని కొందరు ఇబ్బందుల్లో పడుతున్నారు.

ఎఫ్1 వీసా మీద ఉన్నవారు ప్రతి రెగ్యులర్ సెమిస్టర్‌లోనూ ఫుల్‌టైమ్ చదవాలి. బ్యాచిలర్స్‌లో కనీసం 12 క్రెడిట్ అవర్స్. మాస్టర్స్‌లో ఎంతన్నది వర్సిటీ నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9 ఉంటుంది. ఈ లెక్కలో ఒక సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ క్లాసు, లేదా 3 క్రెడిట్లకు మించి కలుపుకోవడం కుదరదు.

సబ్జెక్టు కష్టంగా ఉందని డ్రాప్ చేయాలంటే ముందుగా వర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతి తీసుకోవాలి. వీరిని డీఎస్ఓ అంటారు. ముందు డ్రాప్ చేసి ఆ తర్వాత చెబితే వీసా హోదా పోయినట్టే. చదువులో ఇబ్బంది కారణంగా క్రెడిట్లు తగ్గించుకునే అవకాశం ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఉంటుంది. అనారోగ్యం అయితే డాక్టర్ పత్రంతో మొత్తం 12 నెలల వరకూ వీలుంది.

మార్కుల వైపు చూస్తే బ్యాచిలర్స్‌లో 2.0, మాస్టర్స్‌లో 3.0 జీపీఏ కంటే తగ్గితే చాలా వర్సిటీలు ముందు ప్రొబేషన్‌లో పెడతాయి. ఆ తర్వాతా మెరుగుపడకపోతే పంపించేస్తాయి. అదే జరిగితే సెవిస్ రికార్డు ముగుస్తుంది, దేశంలో ఉండే హక్కూ పోతుంది. చదువు మధ్యలో మానేసినా, క్లాసులు ఎగ్గొట్టినా, వర్సిటీకి చెప్పకుండా వెళ్లిపోయినా వీసా రద్దు కావచ్చని భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మేలో హెచ్చరించింది. ఆ తర్వాత మళ్లీ వీసా రావడం కూడా కష్టమని తెలిపింది.

అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంకో లెక్క ఉంది. పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండి ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునేవారు చదువులో సంతృప్తికర ప్రగతి చూపించాలి. డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్లు దాటకముందే కోర్సు పూర్తవ్వాలి. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 180 దాటకూడదు. అందుకే తీసుకున్న క్రెడిట్లలో దాదాపు 67 శాతం పాసవుతూ రావాలని చాలా కాలేజీలు అడుగుతాయి. మధ్యలో వదిలేసిన కోర్సులు కూడా తీసుకున్నట్టే లెక్క.

అన్యాయం జరిగిందనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి?

హాజరు తప్పుగా నమోదైంది, ఆధారాలిచ్చినా కండోనేషన్ ఇవ్వలేదు, ముందస్తు సమాచారం లేకుండా డిటెయిన్ చేశారు.. ఇలాంటి ఫిర్యాదులకు దారి ఉంది.

1. ముందుగా సబ్జెక్టు టీచర్, క్లాస్ ఇన్‌ఛార్జి, హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా తెలపాలి. నోటిమాటగా చెబితే ఆధారం ఉండదు.
2. తర్వాత కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి దరఖాస్తు చేయాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఇది ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి.
3. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లోగా వర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించేందుకు ఆయన ప్రయత్నించాలి.

పరీక్షలు దగ్గర్లో ఉంటే ఈ గడువులు సరిపోకపోవచ్చు. అందుకే తప్పు కనిపించిన వారంలోనే ఫిర్యాదు చేయడం ముఖ్యం.

తరచూ వచ్చే సందేహాలు

బ్యాక్‌లాగ్స్ ఉంటే డిటెయిన్ చేస్తారా?
ఉన్నంత మాత్రాన చేయరు. క్రెడిట్ల గీత దాటితే బ్యాక్‌లాగ్స్‌తోనే పై ఏడాదికి వెళ్లవచ్చు. కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో బ్యాక్‌లాగ్స్ లేనివారినే చాలా కంపెనీలు పిలుస్తాయి.

పరీక్ష ఫీజు కట్టాక కూడా డిటెయిన్ చేస్తారా?
చేయొచ్చు. ఫీజు కట్టడం వేరు, హాజరు అర్హత వేరు.

ఉద్యోగం చేస్తూ రెగ్యులర్ డిగ్రీ చదవవచ్చా?
హాజరు ఉండాల్సిందే. కుదరనివారికి దూరవిద్య ఉంది. హాజరు కోసం దొడ్డిదారులు వెతికితే బయోమెట్రిక్, ముఖ గుర్తింపు హాజరు వచ్చిన ఈ రోజుల్లో దొరికిపోవడం ఖాయం.

తల్లిదండ్రులు ఏం చేయాలి?
కాలేజీ రికార్డుల్లో పనిచేసే ఫోన్ నంబర్ ఇచ్చారో లేదో చూసుకోవాలి. హాజరు మెసేజ్‌లు చాలాసార్లు పాత నంబర్లకు వెళ్తుంటాయి. నెలకోసారి హాజరు శాతం అడగాలి. తగ్గితే తిట్టే ముందు కారణం తెలుసుకోవాలి. హాస్టల్‌లో ఉండే పిల్లలు ఒక్కసారిగా క్లాసులు మానేస్తున్నారంటే అనారోగ్యం, ర్యాగింగ్, ఇంగ్లిష్‌లో పాఠాలు అర్థంకాకపోవడం, డబ్బు ఇబ్బంది, ఒంటరితనం.. వీటిలో ఏదో ఒకటి ఉండి ఉండొచ్చు.

డిటెయిన్ అయితే పోయేది ఒక సంవత్సరం. అది తిరిగి సంపాదించుకోగలిగేదే. 8 ఏళ్ల గడువు పెట్టిందీ అందుకే. ఒత్తిడి తట్టుకోలేని స్థితిలో ఉన్న విద్యార్థులు, వారి కుటుంబ సభ్యులు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 24 గంటలూ అందుబాటులో ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.